పదో తరగతి పేపర్లోనే ఇంజనీరింగ్ సీటు

జంగారెడ్డిగూడెం వేలం కేంద్రాల్లో పొగాకు బేళ్లు అమ్ముడుపోయే రోజుల్లోనే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు పదో తరగతి పిల్లల ఇళ్లకు తెగ తిరుగుతారు. రైతు చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో వాళ్లకు తెలియనిది కాదు. ఈ మధ్య బేరం మరీ ముందుకు జరిగి, ఆరో తరగతికే ‘ఐఐటీ ఫౌండేషన్’ అంటున్నారు. ముందుచూపు మంచిదే. కానీ దేనికి, ఎప్పటి నుంచి సిద్ధం కావాలన్న లెక్క మాత్రం ఫీజు కట్టే ఇంట్లోనే జరగాలి.

ఎందుకంటే జంగారెడ్డిగూడెం ఉన్న ఇదే ఏలూరు జిల్లాలో ఎంట్రన్స్ టెస్టు లేకుండా పదో తరగతి మార్కులతోనే పిల్లల్ని తీసుకునే ఇంజనీరింగ్ క్యాంపస్ ఉంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ అంటే అందరికీ తెలుసు. అదే దాని అసలు పేరైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం అంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు. పల్లెటూరి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని 2008లో మొదలుపెట్టారు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, మొత్తం ఆరేళ్ల హాస్టల్ చదువు. నూజివీడుతో పాటు ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు ఉన్నాయి. ఒక్కో చోట 1000 సీట్లు, వాటికి అదనంగా ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా. కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయిన 2020, 2021లో మాత్రం ప్రత్యేకంగా ప్రవేశ పరీక్ష పెట్టారు.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోని సంగతి ఒకటుంది. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివినవారికి 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. గ్రేడ్ పాయింట్లు ఉన్న రోజుల్లో అది పదికి 0.4. ఒకే మార్కుల దగ్గర పిల్లలు గుంపుగా నిలబడే పోటీలో ఇది చిన్న తేడా కాదు. ‘హైస్కూల్లో ఏం చదువు చెబుతారు’ అని ఎనిమిదిలో ప్రైవేటుకు మార్చేసి, పదయ్యాక ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టే ఇంట్లో ఆ 4 శాతం ముందే పోయినట్టు. ఇంకో మాట: ఇద్దరికి మార్కులు సమానంగా వస్తే ముందు లెక్కల మార్కు చూస్తారు, ఆ తర్వాత సైన్సు, ఇంగ్లీషు.

పదో తరగతి లెక్కల పేపరు 100 మార్కులకు. అందులో 12 ఒక మార్కు ప్రశ్నలు, 8 రెండు మార్కులవి, 8 నాలుగు మార్కులవి, 5 ఎనిమిది మార్కులవి. ఎనిమిది మార్కుల వాటి మీద రాత్రులు కూర్చునే పిల్లలు ఒక మార్కు వాటిని ‘అవి వచ్చేవే’ అని వదిలేస్తారు. నిజానికి మొదటి మూడు భాగాలు కలిపితే 60 మార్కులు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో భిన్నాలు, బీజగణితం గట్టిపడకపోతే ఆ అరవైలోనే చిల్లు పడుతుంది. పదిలో పరీక్షల ముందు పెట్టే స్పెషల్ క్లాసులు దాన్ని కొంతే పూడుస్తాయి.

ఎనిమిదో తరగతిలోనే తూకం వేసుకునే పరీక్ష ఒకటుంది: ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్). ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ల పిల్లలకే ఇది. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు. 2, 6, 12, 20 తర్వాత ఏమొస్తుంది అన్న తరహావి మెంటల్ ఎబిలిటీ పేపర్లో వస్తాయి. జవాబు 30. తేడా రెండేసి పెరుగుతోందని కనిపెట్టిన పిల్లకి ఏ ఫౌండేషన్ పుస్తకమూ ఆ చూపు కొత్తగా నేర్పదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి ఏజెన్సీ వైపు ఇళ్లలో ఆ డబ్బు పిల్ల చదువు ఆగకుండా చూస్తుంది.

కాలేజీ సీట్లకు అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే పద్ధతి వేరు. అక్కడి పెద్ద కాలేజీలు తొమ్మిది నుంచి నాలుగేళ్ల మార్కులు, చదువు బయట చేసిన పనులు, 650 పదాల లోపు వ్యాసం, ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు చూస్తాయి. మనదగ్గర ఆటలూ వ్యాసాలూ పెద్దగా లెక్కకు రావు, వస్తే బాగుండేదేమో. ఇక్కడ పరీక్షే రాజు.

ట్రిపుల్ ఐటీ రానివాళ్లకు దారి మూసుకుపోదు. 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన ఎన్ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే. కాకపోతే జేఈఈ మెయిన్ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్ ఉండాలి. ఏపీ ఈఏపీసెట్‌లోనూ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ 2023లో మళ్లీ వచ్చింది. ర్యాంకు కోసం ఇంటర్‌ని పక్కన పెడతామంటే కుదరదన్నమాట.

వీటన్నిటికీ ముందే, తొమ్మిదో తరగతి సెలవుల్లోనే చక్కబెట్టుకోవలసిన పని ఇంకొకటి. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, బడి రికార్డులో మరొకటి, పుట్టిన తేదీలో ఒక అంకె తేడా. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితాలు) వెళ్లాక సరిచేయించాలంటే దరఖాస్తులు, తిరుగుళ్లు. హెడ్మాస్టర్ గారి దగ్గర అడ్మిషన్ రిజిస్టరు తెరిపించి ఒకసారి చూసుకుంటే తేడా ఉందో లేదో గంటలో తేలుతుంది.