రుసుమిచ్చి వజ్రములు వెదకు పొలము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆర్కన్సా యను రాష్ట్రము కలదు. అందు మర్ఫ్రీస్‌బరో యను చిన్న పట్టణము చెంత 37 ఎకరముల దుక్కినేల యున్నది. అందు పైరు లేదు, పచ్చిక లేదు. అయినను సెలవుదినము వచ్చెనేని తల్లిదండ్రులు, పిల్లలు, ముదుసళ్లు అన్నపు మూటలతో నచ్చటికి చేరి, ద్వారముకడ రుసుము చెల్లించి, సాయంకాలమువరకు మట్టిలో మెలగుచుందురు. వారు వెదకునది వజ్రము. దొరకిన రాయి యెంత వెలగలదైనను దొరకినవారిదే. ప్రభుత్వము దానిలో పాలడుగదు.

పారలు, బొక్కెనలు, జల్లెడలు అచ్చటనే అద్దెకు దొరకును. యంత్రముతో త్రవ్వుట నిషిద్ధము. కొందరు పొడిమట్టిని జల్లించి చూతురు. ఓపికగలవారు రెండు జల్లెడలను ఒకదానిపై నొకటి యుంచి, నీటితొట్టిలో ముంచి, చేటతో బియ్యము చెరుగు నేర్పుతో నాడింతురు. బరువైన రాళ్లు నడుమ అడుగునకు దిగును. ఆ జల్లెడను బల్లపై బోర్లించినపుడు అడుగుననున్నవి పైకి వచ్చును. అంతట ఇంటిల్లిపాదియు దానిపై వంగును. పిల్లల కన్నులకు కనుపించునది పెద్దల కగుపడకుండుట అరుదు కాదు.

వాన కురిసిన మరునాడు మాత్రము జల్లెడ పని లేదు. వజ్రము నునుపైనది, నూనె రాచినట్లుండుటచే మట్టి దాని నంటదు. వాన కడిగిన నేలపై ఎండ పడగానే అది తళుక్కుమనును. కావున నాడు జనులు తలవంచుకొని చాళ్లవెంట నడచుచుందురు. సాయంకాలమున ప్రతి కుటుంబమును తన రాళ్లపొట్లమును ఉద్యానపు కచేరికి గొనిపోవును. ఉద్యోగులు ఉచితముగా పరీక్షించి, వజ్రమైనచో తూచి, యెన్ని కారట్లో చెప్పి, పత్రము వ్రాసి యిత్తురు. పొట్లములలో నధికము పలుగురాళ్లును, సూర్యకాంతపు రాళ్లునే. దినమునకు సగటున నొకటి రెండు వజ్రములు మాత్రమే బయటపడును. అవియు నధికముగా కందిగింజను మించవు. తక్కినవారందరు బురద బట్టలతో నింటికి పోవుదురు. పోవుచు మరల వత్తుమందురు.

ఈ పొలమునకు విచిత్రమైన చరిత్ర కలదు. సుమారు పది కోట్ల యేండ్లక్రిందట అగ్నిపర్వతము వెలిగ్రక్కి లోతులలోని వజ్రములను పైకి తెచ్చినది. 1906లో హడల్‌స్టన్ యను రైతు తన భూమిలో రెండు మెరయు రాళ్లను గాంచెను. వెంటనే కంపెనీలు దిగినవి; కర్మాగారములు లేచినవి. 1919లో రెండు కర్మాగారములు దగ్ధములయ్యెను. 1924లో 40.23 కారట్ల ‘అంకుల్ సామ్’ వజ్రము దొరకెను. ఆ దేశమున నంతకు మించినది నేటికిని దొరకలేదు. అయినను ఏ కంపెనీకిని లాభము నిలువలేదు. తుదకు 1972లో రాష్ట్రప్రభుత్వము పొలమును కొని ఉద్యానముగా మార్చెను. మూలధనవంతుల వ్యాపారమునకు చాలని గని సామాన్యుల సెలవుదినమునకు చాలినది! 1975లో 16.37 కారట్ల రాయియు, 2015లో 8.52 కారట్ల రాయియు సందర్శకులకే దొరకినవి. 2020లో నొక యువకుడు గాజుపెంకని తలచి సంచిలో వేసికొన్నది 9.07 కారట్ల వజ్రమని కచేరిలో తేలెను. బాలుడుగా నుండగా బడిపిల్లలతో నాతడచ్చటికి వచ్చినవాడే.

ఇది చదువు కర్నూలు, అనంతపురము జిల్లాలవారికి జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు జ్ఞప్తికి రాక మానవు. అచ్చటను తొలకరి పడగానే కుటుంబములకు కుటుంబములు కూలి మాని, సద్దిమూటలతో వచ్చి, చెట్లక్రిందను గుడులలోను పరుండి, చేలలో వజ్రములు వెదకుచున్నవి. నేల యొక్కటే, వాన యొక్కటే, ఆశ యొక్కటే. తక్కినదంతయు వేరు. రాయి దొరకినవాడు దానిని చూపుటకు భయపడును. దాని బరువెంతయో యెరుగడు. చీకటిలో నొక వర్తకుడు చెప్పిన ధరయే ధర. ఇక భూమిగల రైతు మాట యేమి? విత్తుటకు సిద్ధపరచిన దుక్కిని పదులకొలది జనులు త్రొక్కిపోవుచుండగా వద్దన్నచో నిర్దయుడనిపించుకొనును. ఊరకున్నచో నదను తప్పును. ప్రభుత్వమునకు చేరునది శూన్యము.

కృష్ణాతీరమున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేయుచుండిరని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయములో మునిగియున్నది. కోహినూరును తలచి నిట్టూర్చుట మనకు వాడుకయైనది గాని, నేడు చేలలో దొరకు చిన్నరాతి గతి యేమని యడుగువారు తక్కువ.

ఇది మన దేశమున సాధ్యముకాని పని కాదు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో, ఏడాదికి 200 రూపాయల రుసుముపై ఎనిమిది మీటర్ల చదరపు నేలను సామాన్యునకు త్రవ్వుకొననిచ్చు పద్ధతి కలదు. దొరకిన వజ్రమును ప్రభుత్వ వజ్రకార్యాలయమున నప్పగింపవలెను. వేలమువేసి, రాజభాగమును పన్నులను మినహాయించి, శేషమును దొరకినవాని కిత్తురు. అచ్చటి కూలివానికి రసీదైనను చేతనుండును.

అయితే ఆర్కన్సా పద్ధతిని యథాతథముగా దెచ్చుకొనుటకు వీలులేదు. అది ప్రభుత్వపు పొలము. జొన్నగిరి చేలు రైతులవి. అనుమతిలేక గని త్రవ్వుట చట్టవిరుద్ధమనియు మరువరాదు. కాని పైపై నేలను కంటితో వెదకుటకు, విత్తుటకు ముందైన దినములలో, ఇష్టపడిన రైతు చేలలో, కొలదిపాటి రుసుముపై ననుమతించి, ఆ రుసుములో పెద్దపాలు రైతుకే ఇచ్చినచో నభ్యంతర మేమి? ఇది జూదమును ప్రోత్సహించుటయని కొంద రనవచ్చును. జూదము ఇప్పుడును సాగుచునే యున్నది. గెలుపు మాత్రము వెదకినవానిది కాకున్నది.

అన్నిటికంటె ముందు వలసినది జొన్నగిరిలో నొక చిన్న కచేరి. అందొక త్రాసు, రాయి నెరిగిన పరీక్షకుడొకడు, దొరకిన రాయిని పేరు, బరువులతో వ్రాసియుంచు దస్తరమొకటి. కోట్ల వ్యయము లేదు. తొలకరికి ముందే అది తెరవబడవలెను.