జైల్లో మొదలైన వకాలతు

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం తనకు వద్దని తేల్చి చెప్పారు. బడిలో ఇంగ్లీషు పెత్తనం నచ్చక చదువు మానేసి, ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో టికెట్ లేదని నెహ్రూను గుమ్మం దగ్గరే నిలిపేసిన వాలంటీరు ఈమే. ఈ కథ తెలిసినంతగా ఆమె ప్లీడరీ సంగతి జనానికి తెలియదు.

ఆడవాళ్లు వకీళ్లు కావచ్చని దేశంలో చట్టం వచ్చిందీ 1923లోనే. అంతకుముందు 1916లో కలకత్తాలో రెజీనా గుహ, 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రా అర్జీ పెట్టుకుంటే హైకోర్టులు తిప్పి పంపాయి. చట్టంలో ‘వ్యక్తి’ అన్నచోట స్త్రీ రాదని అప్పటి వాదన!

దుర్గాబాయిని ఆ దారి పట్టించింది జైలు. ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచి 1933 లోపు మూడుసార్లు శిక్ష పడింది. మదురై జైల్లో ఏకాంత ఖైదు కూడా అనుభవించారు. చదువు లేక, కోర్టులో అడిగేదేమిటో అర్థం కాక, చేయని నేరాలను సైతం ఒప్పుకుని శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్లు అక్కడ కనిపించారు. వాళ్ల తరఫున మాట్లాడాలంటే లా చదవాలి. ఆమెకు అప్పటికి మెట్రిక్ కూడా లేదు.

కాశీ విశ్వవిద్యాలయం ద్వారా ఆ పరీక్షలు గట్టెక్కారు. రాజనీతిశాస్త్రం చదువుతానంటే అది మగవాళ్ల సబ్జెక్టని ఆ విశ్వవిద్యాలయ స్థాపకుడు మదన్ మోహన్ మాలవీయ ఒప్పుకోలేదు. దాంతో విశాఖపట్నం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి అన్నారు. చదవాలనుకునే అమ్మాయిలు ముందుకు రావాలని దుర్గాబాయి పత్రికల్లో ప్రకటన వేయించారు. కొందరు వచ్చారు, కలిసి వసతి చూసుకున్నారు. ఇక కాదనడానికి సాకు మిగల్లేదు. అక్కడ బి.ఎ. ఆనర్స్ పూర్తిచేసి, మద్రాసులో లా చదివి, 1942లో అక్కడి బార్‌లో చేరారు. క్రిమినల్ కేసుల్లో పేరు తెచ్చుకున్నారు.

1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆమే. వకీలు కన్ను ఎలాంటిదో 1948 డిసెంబరులో తెలిసింది. ముసాయిదాలో హిందూ దేవాలయాలను ‘ఏదైనా ఒక తరగతికి లేదా వర్గానికి’ తెరవవచ్చని ఉంది. ఆ మాట ఉంచితే ఒక వర్గానికి తలుపు తీసి, ఇంకో వర్గాన్ని గడప బయటే నిలబెట్టే వీలు ఉంటుంది. ‘అన్ని తరగతులకు, వర్గాలకు’ అని మార్చాలని ఆమె సవరణ తెచ్చారు. నేటి 25వ అధికరణంలో ఉన్నది ఆ మాటే. సింహాద్రి అప్పన్న గుడి మొదలు దేశంలోని ప్రతి బహిరంగ హిందూ ఆలయానికీ వర్తించే మాట అది. హిందూ స్త్రీకి ఆస్తిలో వాటా కోసం కూడా ఆమె గట్టిగా వాదించారు.

1953లో అప్పటి ఆర్థిక మంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. నల్లకోటు పక్కన పెట్టినా కోర్టుల ధ్యాస వదల్లేదు. చైనా పర్యటనలో అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసి వచ్చి, మన దగ్గరా అలాంటివి ఉండాలని నెహ్రూతోనూ, ఛాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతోనూ చర్చించారు. మొగుడూ పెళ్లాల తగువు మామూలు సివిల్ దావాలా ఏళ్ల తరబడి నానితే నష్టపోయేది ఆడమనిషే. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. దాన్ని చూడకుండానే దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. ఆమె కోరిన ఫ్యామిలీ కోర్టు ఇప్పుడు విశాఖపట్నంలోనూ ఉంది. ఒకప్పుడు హాస్టల్ లేదన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మహిళా అధ్యయన కేంద్రానికి ఆమె పేరే పెట్టారు.