ప్రజారోగ్య విద్యలో పట్టము: ఖర్చునకు తగిన చదువు ఏది?

పరీక్షాఫలితములు వెలువడిన దినములలో, పిల్లల చదువు సంగతి అడుగుటకు తలిదండ్రులు పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చుట పరిపాటి. పట్టభద్రులైన కొందరు ఇప్పుడు ప్రజారోగ్య విద్యను గూర్చియు విచారించుచున్నారు. ఎకరము పొలము తాకట్టు పెట్టి కుమార్తెను ఆ చదువులో చేర్పింపదలచిన రైతునకు ఏమి చెప్పవలెనో సభ్యులు ముందుగా ఎరిగియుండుట మేలని తలచి, ఈ విషయమును మేమిచట వివరించుచున్నాము.

ఈ విద్య నేర్చినంత మాత్రమున వైద్యులు కారు. వ్యాధి రాకుండునట్లు ప్రజల అలవాట్లను మార్చుట వీరి పని. వినుటకిది సులభమే. కాని మరుగుదొడ్డిలో పిడకలు పేర్చుకొన్న ఇల్లు మీ గ్రామములో ఒక్కటైనను ఉండకపోదు. ఆ ఇంటివారికి ఉపన్యాసమిచ్చుట వేరు. నీరు చాలకనో, గుంట త్వరగా నిండునను భయముచేతనో, ముసలివారు మెట్లెక్కలేకనో తెలిసికొనుట వేరు.

మరియొక ఉదాహరణము. నీరు కాచి త్రాగుమని ఎల్లెడల చెప్పుదురు. కాచినచో కలరా, టైఫాయిడు క్రిములు నశించును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. నల్లగొండ ప్రాంతమున ఫ్లోరైడుగల బోరునీటిని కాచి త్రాగుమని చెప్పి ఊరకుండినవాడు గ్రామమునకు మేలు చేసినవాడు కాడు. ఇట్టి తేడాలు గ్రామములలో తిరిగినపుడే పట్టుబడును.

కావున ఏ కళాశాలనైనను మొదట అడుగవలసినది క్షేత్రశిక్షణను గూర్చియే. ఎన్ని వారములు, ఏ గ్రామములలో, ఎవరి పర్యవేక్షణలో? కలకత్తాలో 1932లో స్థాపితమైన అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థకు సింగూరులో గ్రామీణ శిక్షణకేంద్రము గలదు. తమిళనాడులో దిండిగల్లు చేరువనున్న గాంధీగ్రామపు గ్రామీణారోగ్య సంస్థ ఆరోగ్య విద్యలో డిప్లొమా శిక్షణకు పేరెన్నికగన్నది. మనకు సమీపమున హైదరాబాదు విశ్వవిద్యాలయములోను, 2008లో ఏర్పడిన హైదరాబాదు భారతీయ ప్రజారోగ్య సంస్థలోను ఈ శాస్త్రమున ఉన్నత విద్య గలదు. మాస్టర్సు పట్టమునకు సాధారణముగా 2 ఏండ్లు పట్టును. ప్రభుత్వ సంస్థలలో ఫీజు తక్కువ, సీట్లును తక్కువే.

ఇక ఖర్చు. కరపత్రములో అచ్చువేసిన ఫీజు సగము లెక్క మాత్రమే. ఏటికి 80 వేల ఫీజు అనుకొందము. వసతి, భోజనము నెలకు 7 వేలైనచో అదియే ఏటికి 84 వేలగును! క్షేత్రపర్యటనల ప్రయాణఖర్చు వేరు. 7.5 లక్షల వరకు విద్యాఋణములకు కేంద్రప్రభుత్వ హామీ పథకము ఉన్నది. దాని క్రింద బ్యాంకు తాకట్టు కోరదు. పొలముపై చేయి వేయుటకు ముందు బ్యాంకుకు పోయి అర్హతలు విచారింపవలెను.

ఇంటనుండియే చదువవచ్చును, చవకయని చెప్పు ప్రకటనల యెడ మిక్కిలి జాగ్రత్త అవసరము. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టము పరిధిలోని చదువులను దూరవిద్య, ఆన్‌లైను పద్ధతులలో నడుపరాదని యు.జి.సి. 2025లో ఆదేశించినది. విశ్వవిద్యాలయమునకును, ఆ పట్టమునకును గుర్తింపు కలదో లేదో యు.జి.సి. వెబ్‌సైటులో పంచాయతీ కార్యదర్శిచే చూపించుకొనవచ్చును. పట్టము పేరు కూడ ముఖ్యమే. ఉద్యోగ ప్రకటనలలో కోరు అర్హతకును, పట్టముపై నున్న పేరునకును పొత్తు కుదరనిచో దరఖాస్తు త్రోసివేయబడవచ్చును. ఆరోగ్యశాఖవారి పాత ప్రకటనలు రెండు మూడు తెప్పించి సరిచూచుకొన్నచో ఈ చిక్కు ముందే తెలియును. క్రిందటి సంవత్సరము ఉత్తీర్ణులైనవారు ఎచట పనిచేయుచున్నారో కళాశాలవారిని వ్రాతమూలకముగా అడుగుటలో తప్పులేదు. సమాధానమీయనిచో అదియును ఒక సమాధానమే.

తుదకు చేరునాటి మాట. అసలు ధ్రువపత్రములను కళాశాలలు తమయొద్ద అట్టిపెట్టుకొనరాదని యు.జి.సి. 2018లోనే ఉత్తరువిచ్చియున్నది. వానిని చూపి, నకళ్లు మాత్రమే ఇచ్చి, రశీదుతో ఇంటికి రావలెను.