చెట్టూ గుట్టా చెప్పే పాఠాలు

జూలో జంతువుకు ఎలాంటి ఇల్లు కడితే, దాని గురించి పిల్లలకు అలాంటి సంగతులే తెలుస్తాయి. అందుకే ఆ ఇంటిని కట్టడం ఓ ప్రత్యేక విద్యగా ఎదిగింది.

'అదిగో పులి... ఇదిగో ఎలుగుబంటి... పదండి పదండి!' ఏ జూలో అయినా వినిపించే మాటలే ఇవి. పక్కనే బోర్డు ఉంటుంది, చదివేవాళ్లు మాత్రం తక్కువ. మరి పిల్లలు ఏం నేర్చుకుని వెళ్తున్నట్టు?

సిమెంటు గచ్చు మీద అటూ ఇటూ తిరిగే ఎలుగును చూస్తే జాలేస్తుంది, లేదంటే నవ్వొస్తుంది. అంతే! అదే ఎలుగు మట్టి తవ్వి, చెదపురుగుల్ని సర్రున పీల్చేస్తుంటే? దాని గోళ్లు ఎందుకంత పొడవో, పైవరసలో ముందు పళ్లు రెండు ఎందుకు ఉండవో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఊచలు పోయాయి

ఈ మార్పుకి ఆద్యుడు జర్మనీకి చెందిన కార్ల్ హాగెన్‌బెక్. 1907లో హాంబర్గ్ దగ్గర తెరిచిన జూలో ఆయన ఊచలు తీసేసి కందకాలు తవ్వించాడు. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో పరీక్షించి మరీ వాటి వెడల్పు నిర్ణయించాడు.

1970ల చివర్లో అమెరికాలోని సియాటిల్ జూ ఇంకో అడుగు ముందుకేసింది. గొరిల్లాలుండే చోట పెంచిన పచ్చదనాన్నే సందర్శకుల దారి దాకా తెచ్చింది. దాంతో గొరిల్లా మన దగ్గరికి వచ్చినట్టు కాదు, మనమే దాని అడవిలోకి వెళ్లినట్టు!

మన హైదరాబాద్‌లోని నెహ్రూ జూ పార్కుదీ ఓ చమత్కారమే. అక్కడి నిశాచర జంతుశాలలో పగలు మసక చీకటి, రాత్రి దీపాల వెలుగు. అందుకే దేవాంగపిల్లి, పునుగుపిల్లి లాంటివి సందర్శకులు వచ్చే వేళకి మేలుకుని ఉంటాయి.

పులి తనే వస్తుంది!

'జంతువు దాక్కుంటే చూసేదెలా?' అనే సందేహం సహజమే. దాక్కునే చోటు దానికి ఉండాల్సిందే. చల్లటి నీటిగుంటను అద్దానికి దగ్గరగా తవ్వితే ఎండాకాలం పులి తనంతట తనే అక్కడికొస్తుంది. రాళ్లు కొట్టక్కర్లేదు, అరవక్కర్లేదు.

ఇక బోర్డు. శాస్త్రీయ నామంతో మొదలుపెడితే పిల్లలు అక్కడ ఆగరు. 'పులి చారలు వెంట్రుకల మీదేనా?' అని అడిగి చూడండి. పలక పైకెత్తితే జవాబు... 'కాదు, చర్మం మీద కూడా!' ఒక ప్రశ్న, ఒక బొమ్మ, నాలుగు ముక్కలు. అదీ పిల్లల కళ్లకు అందే ఎత్తులో, వాళ్లకు వచ్చిన భాషలో.

అద్దంలో ఎవరు?

కొన్నిసార్లు అసలు జంతువే అక్కర్లేదు. నెహ్రూ జూ మొదలైన 1963లోనే న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ ఓ బోను పెట్టింది. 'ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన జంతువు' అని దాని పేరు. ఆత్రంగా తొంగిచూస్తే ఊచల వెనక కనిపించింది... అద్దం!

అదే జూ 1999లో గొరిల్లాల కోసం 'కాంగో' అడవిని తీర్చిదిద్దింది. తమ టికెట్ డబ్బు ఏ జీవరక్షణ కార్యక్రమానికి వెళ్లాలో ఎంచుకునే అవకాశాన్ని చివర్లో సందర్శకులకే ఇచ్చింది. చూసి వెళ్లిపోయేవాళ్లని కాపాడేవాళ్లుగా మార్చడమన్నమాట.

అడవిని నేరుగా చూసే అదృష్టం ఎంతమంది పిల్లలకుంటుంది? చాలామందికి జూలో చూసిన పులే పులి. అది గచ్చు మీద తిరుగుతూ కనిపించాలా, నీళ్లలో ఈదుతూ కనిపించాలా అన్నది ఆ ఇల్లు కట్టేవాళ్ల చేతుల్లోనే ఉంది.