కార్డు మీద కనిపించని పాయింట్లు

బ్రిటన్‌లో 30 మైళ్ల వేగపరిమితి ఉన్న వీధిలో 44లో వెళ్తూ కెమెరాకు చిక్కితే సాధారణంగా పడే శిక్ష 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు. మన ఊళ్ల నుంచి కొత్తగా వెళ్లినవాళ్ల చూపు ముందు ఆ 100 పౌండ్ల మీద పడుతుంది. ఆ డబ్బు కట్టేసి, పీడ వదిలిందనుకుంటారు. కానీ అసలు శిక్ష ఆ మూడు పాయింట్లు. డబ్బు ఒకసారి కడితే తీరిపోతుంది. పాయింట్లు మాత్రం ఏళ్ల తరబడి వెంట ఉంటాయి.

ఈ తేడా మనకు వెంటనే తట్టకపోవడానికి కారణం ఉంది. ఇక్కడ ట్రాఫిక్ తప్పు అంటే చలానా, చలానా అంటే డబ్బు. పేరుకుపోయిన చలానాల మీద తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి భారీ రాయితీలు ఇచ్చారు. గడువులోగా కొంత కట్టినవాళ్లకు మిగతాది మాఫీ అయింది. 2017 ఆగస్టులో తెలంగాణలో 12 పాయింట్ల పద్ధతి కూడా మొదలుపెట్టారు గానీ, జనం మనసులో నిలిచింది చలానాయే. బ్రిటన్ పాయింట్లకు రాయితీ లేదు, మాఫీ లేదు, వాయిదాలు లేవు. లక్షలు సంపాదించేవాడికీ, రోజుకూలీకీ అవే మూడు. ఆ పద్ధతిలో నాకు నచ్చే విషయం కూడా అదే. డబ్బున్నవాడు జరిమానాను పెట్రోలు ఖర్చులా భరించి మళ్లీ అదే వేగంతో పోవచ్చు. పాయింట్లను అలా కొనుక్కోలేడు.

అక్కడ ఈ పద్ధతి 1982 నవంబరు 1న అమలులోకి వచ్చింది. అంతకుముందు తప్పు పెద్దదైనా చిన్నదైనా లైసెన్సు మీద ఒక నమోదు పడేది. మూడేళ్లలో అలాంటివి మూడు పడితే లైసెన్సు పోయేది. కాస్త వేగం పెరిగినవాడినీ, ఎదుటివాళ్ల ప్రాణాల మీదికి తెచ్చినవాడినీ ఒకే గాట కట్టడం అన్యాయమని, తప్పు బరువును బట్టి పాయింట్లు వేయడం మొదలుపెట్టారు. అందుకే ఇప్పుడు ఒక్కో తప్పుకు ఒక్కో కోడ్, ఒక్కో బరువు. మామూలు రోడ్డు మీద వేగం మీరితే ఎస్‌పీ30, మోటర్‌వే మీదైతే ఎస్‌పీ50. రెండింటికీ 3 నుంచి 6 పాయింట్లు. ఎర్రలైటు దాటితే టీఎస్10, దానికి 3. చేతిలో ఫోను పట్టుకుని నడిపితే సీయూ80, దానికి 6. బీమా లేకుండా నడిపితే ఐఎన్10, 6 నుంచి 8. అజాగ్రత్తగా నడిపితే సీడీ10, 3 నుంచి 9. తాగి నడిపితే డీఆర్10. దానికి పాయింట్ల సంగతి తర్వాత, ముందు కనీసం ఏడాదిపాటు లైసెన్సే పోతుంది.

మూడేళ్ల వ్యవధిలో 12 పాయింట్లు చేరితే కోర్టు కనీసం ఆరు నెలలు బండి నడపకుండా నిషేధిస్తుంది. కుటుంబానికో, తన మీద ఆధారపడిన వేరేవాళ్లకో అసాధారణమైన కష్టం కలుగుతుందని రుజువు చేసుకుంటే కోర్టు కనికరించవచ్చు. ఆఫీసుకు వెళ్లడం ఇబ్బందవుతుందంటే మాత్రం చాలదు. నిషేధం పడిన ఎవరికైనా ఆ ఇబ్బంది ఉంటుంది కదా.

ఇక్కడ తేదీల లెక్క సరిగా అర్థం చేసుకోవాలి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. వేగం లాంటి మామూలు తప్పుల నమోదు, తప్పు చేసిన తేదీ నుంచి నాలుగేళ్లు రికార్డులో ఉంటుంది. కానీ 12 లెక్కలోకి వచ్చేది మొదటి మూడేళ్లే. ఉదాహరణకు ఒకరు 2024 జూన్ 10న వేగం మీరి 3 పాయింట్లు తెచ్చుకున్నారనుకుందాం. 2027 జూన్ 10 దాకా అవి లెక్కలో ఉంటాయి. 2028 జూన్ 10 దాకా రికార్డులో కనిపిస్తాయి. మరి ఆ నాలుగో ఏడాది ఎందుకు? అదే మనిషి 2027 మే నెలలో ఇంకో తప్పు చేస్తే, ఆ కేసు కోర్టుకు వచ్చేసరికి ఆగస్టు కావచ్చు. కోర్టు చూసేది తీర్పు తేదీని కాదు, రెండు తప్పుల మధ్య గడిచిన కాలాన్ని. మే నాటికి మూడేళ్లు నిండలేదు కాబట్టి పాత మూడూ కొత్తవాటితో కలుస్తాయి. కేసు సాగదీస్తే పాత పాయింట్లు రాలిపోతాయని స్నేహితులు చెప్పే సలహా అందుకే పనికిరాదు. అపాయకరంగా నడిపిన కేసుల్లో, నిషేధం పడిన కేసుల్లో నాలుగేళ్లను తీర్పు తేదీ నుంచి లెక్కిస్తారు. తాగి నడిపిన నమోదైతే 11 ఏళ్లు ఉంటుంది.

ఇప్పటిదాకా చెప్పిన 12, పాత డ్రైవర్లకు. కొత్తవాళ్లకు ఆ అంకె 6. పరీక్ష పాసైన మొదటి రెండేళ్లలో చేసిన తప్పులకు 6 పాయింట్లు చేరితే లైసెన్సు రద్దవుతుంది. 1995లో చేసి 1997 జూన్ నుంచి అమలు చేసిన చట్టమిది. ఇందులో కోర్టు విచక్షణకు చోటు లేదు, కష్టసుఖాలు చెప్పుకోవడానికి వేదిక లేదు. లైసెన్సుల సంస్థ డీవీఎల్ఏ నుంచి ఉత్తరం వస్తుంది, లైసెన్సు రద్దవుతుంది. మళ్లీ నేర్చుకునేవాళ్లకిచ్చే ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని, థియరీ రాసి, రోడ్డు పరీక్ష పాసవ్వాలి. ఆ ఆరు పాయింట్లు మాత్రం కొత్త లైసెన్సు మీదికీ వస్తాయి. ప్రొవిజనల్‌తో నేర్చుకునే రోజుల్లో పడిన పాయింట్లు కూడా గడువు తీరకపోతే ఇలాగే వెంట వస్తాయి. అప్పటికే మూడు ఉన్నవాడు పాసైన నెలకే ఇంకో మూడు తెచ్చుకుంటే ఆరు నిండినట్టే.

తెలుగువాళ్లకు ఈ నిబంధన ఎక్కువగా తగిలేది ఎందుకంటే, హైదరాబాదులోనో విజయవాడలోనో పదిహేనేళ్లు కారు నడిపిన అనుభవం అక్కడ లెక్కలోకి రాదు. భారతీయ లైసెన్సును అక్కడి లైసెన్సుతో మార్చుకునే వీలు లేదు. గ్రేట్ బ్రిటన్‌లో నివాసం మొదలైనప్పటి నుంచి 12 నెలలు మన లైసెన్సుతో నడపవచ్చు. ఆ తర్వాత అక్కడి పరీక్ష పాసవ్వాల్సిందే. నలభై ఐదేళ్ల ప్రాజెక్టు మేనేజరైనా పరీక్ష పాసైన రోజు నుంచి రెండేళ్లు కొత్త డ్రైవరే. ఇక ఆ 12 నెలలు దాటినా పరీక్ష రాయకుండా పాత లైసెన్సుతోనే నడిపేవాళ్లు ఇంకా పెద్ద ప్రమాదంలో ఉన్నారు. పోలీసులు ఆపితే లైసెన్సు లేని తప్పుకు ఎల్‌సీ20 పడుతుంది. లైసెన్సు చెల్లదు కాబట్టి బీమా కూడా చెల్లదని తేలితే ఐఎన్10 తోడవుతుంది. బ్రిటన్ లైసెన్సు లేనప్పుడు పాయింట్లు ఎక్కడ వేస్తారన్న ధీమా అక్కర్లేదు. ఆ మనిషి పేరున డీవీఎల్ఏ ఒక రికార్డు తెరిచి, అందులో రాసి ఉంచుతుంది. రేపు లైసెన్సుకు దరఖాస్తు చేసినప్పుడు అవి ఎదురొస్తాయి.

పాయింట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోవడం చాలా తేలిక, ఉచితం కూడా. ఒకప్పుడు ఫొటో కార్డుతో పాటు ఒక కాగితం ఇచ్చి, పాయింట్లు దాని మీద ముద్రించేవారు. 2015 జూన్ 8 నుంచి ఆ కాగితానికి విలువ లేదు. ఇప్పుడు జేబులో ఉన్న కార్డు ముందు వెనకలు తిప్పి చూసినా పాయింట్ల ఊసు ఉండదు. లెక్కంతా వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో ఉన్న డీవీఎల్ఏ కంప్యూటర్లలో ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైటు గవ్ డాట్ యూకేలో లైసెన్సు వివరాలు చూసుకునే పేజీకి వెళ్లి మూడు వివరాలు ఇవ్వాలి: లైసెన్సు నంబరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, లైసెన్సు మీదున్న చిరునామా పోస్ట్‌కోడ్. ఏ వాహనాలు నడపవచ్చో ఒకచోట, పాయింట్లు, నిషేధాలు మరోచోట కనిపిస్తాయి. నార్తర్న్ ఐర్లండ్ లైసెన్సులకు వేరే సంస్థ ఉంది.

పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన ఆ లైసెన్సు నంబరు విషయంలో మనవాళ్లకు ఒక చిక్కు ఉంది. అందులో మొదటి ఐదు స్థానాలు ఇంటిపేరులోని మొదటి ఐదు అక్షరాలు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముంటే అదే వాళ్లకు ఇంటిపేరు. మనలో కొందరికి ఆ గడిలో సొంత పేరు చేరి ఉంటుంది, కొందరికి ఒకటి రెండు అక్షరాల పొట్టి ఇంటిపేరు ఉంటుంది. ఐదు అక్షరాలు లేకపోతే ఖాళీల్లో 9 అంకె వేస్తారు. తర్వాత వచ్చే అంకెల్లో పుట్టిన తేదీ ఉంటుంది. ఆడవాళ్లకైతే నెలకు 50 కలుపుతారు, అంటే ఆగస్టులో పుట్టినామెకు అక్కడ 58 ఉంటుంది. ఇది తెలియక నంబరులో తప్పు పడిందనుకునేవాళ్లున్నారు. కార్డు మీద 5 అనే అంకె పక్కన ఉన్నది ఉన్నట్టు కొడితే చాలు.

అదే పేజీలో చెక్ కోడ్ అనేది తీసుకోవచ్చు. 21 రోజులు చెల్లుతుంది. డెలివరీ ఉద్యోగమిచ్చే సంస్థో, అద్దెకు కారు ఇచ్చే కంపెనీయో ఆ కోడ్‌తో, లైసెన్సు నంబరులోని చివరి ఎనిమిది స్థానాలతో మన రికార్డు చూస్తుంది. వాళ్ల కంటే ముందు మనం చూసుకోవడం మంచిది.

రికార్డు తెరిచి ఎంఎస్90 అనే కోడ్ చూసి నిర్ఘాంతపోయేవాళ్లు కొందరుంటారు. కెమెరా బండి నంబరునే పట్టుకుంటుంది, నడిపిందెవరో దానికి తెలియదు. అందుకే రికార్డులో యజమానిగా ఉన్నవాళ్లకు 14 రోజుల్లోగా నోటీసు వస్తుంది, నడిపింది ఎవరో 28 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే పడేదే ఎంఎస్90, దానికి 6 పాయింట్లు. అసలు వేగం తప్పుకు సాధారణంగా మూడే. మన పిల్లలు ఉద్యోగాలు మారుతూ రీడింగ్ నుంచి మిల్టన్ కీన్స్‌కు, అక్కడి నుంచి మాంచెస్టర్‌కు అద్దె ఇళ్లు మారుతుంటారు. బ్యాంకులో చిరునామా మారుస్తారు, బండి రిజిస్ట్రేషన్ పత్రమైన లాగ్‌బుక్‌లో మార్చడం మరిచిపోతారు. నోటీసు పాత ఇంటి గుమ్మంలో పడి ఉంటుంది. కొత్త డ్రైవరైతే ఆ ఒక్క ఉత్తరంతోనే లైసెన్సు పోతుంది. ఇల్లు మారిన వారంలోనే లైసెన్సు మీద, లాగ్‌బుక్‌లో, రెండు చోట్లా చిరునామా మార్చుకోవాలి. దానికి రుసుము లేదు. మార్చకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు.

నడిపింది ఎవరో చెప్పమన్నారు కదా అని భర్త పాయింట్లు భార్య మీద, కొడుకు పాయింట్లు తండ్రి మీద వేసుకోవడం ఇంటి సర్దుబాటులా అనిపించవచ్చు. అది న్యాయప్రక్రియను వక్రీకరించిన నేరం. 2003లో క్రిస్ హ్యూన్ అనే రాజకీయ నాయకుడి కారు వేగం మీరి కెమెరాకు చిక్కితే, ఆయన భార్య విక్కీ ప్రైస్ ఆ పాయింట్లు తన మీద వేసుకున్నారు. తర్వాత ఆయన మంత్రి అయ్యారు, వాళ్లిద్దరూ విడిపోయారు, విషయం బయటపడింది. ఆయన 2012లో మంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2013 మార్చిలో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలు శిక్ష పడింది. మూడు పాయింట్ల కోసం పదేళ్ల తర్వాత జైలు! ఇంట్లో ఎవరైనా ఈ సలహా ఇస్తే ఆ కేసు గుర్తుచేయండి.

స్వల్పంగా వేగం మీరినవాళ్లకు పోలీసులే ఒక దారి చూపిస్తారు. సాధారణంగా 30 మైళ్ల రోడ్డు మీద 35 నుంచి 42 మధ్య వెళ్లినవారికి స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఇవ్వజూపుతారు. రుసుము కట్టి ఆ తరగతికి వెళ్తే పాయింట్లు పడవు. మూడేళ్లలో ఒక్కసారే ఈ అవకాశం. కొత్త లైసెన్సు ఉన్నవాళ్లు దీన్ని కళ్లకద్దుకుని తీసుకోవాలి. బీమా సంస్థలు సాధారణంగా గత ఐదేళ్ల శిక్షలు అడుగుతాయి, పాయింట్లుంటే ప్రీమియం పెరుగుతుంది. దాచితే ప్రమాదం జరిగిన రోజున పాలసీయే చెల్లదనవచ్చు. వీసా దరఖాస్తులో కూడా డ్రైవింగ్ తప్పులకు పడిన శిక్షల గురించి ప్రశ్న ఉంటుంది. నిజం రాయడానికైనా రికార్డు చేతిలో ఉండాలి.

చివరిగా ఫోను సంగతి. 2017 మార్చి 1 నుంచి చేతిలో ఫోనుతో నడిపితే 200 పౌండ్లు, 6 పాయింట్లు. 2022 మార్చి 25 నుంచి నిబంధన ఇంకా బిగిసింది. మాట్లాడటమే కాదు, ఎర్రలైటు దగ్గర ఆగి పాట మార్చినా, ఫొటో తీసినా తప్పే. కొత్త డ్రైవరుకు ఆ ఒక్క క్షణంతో లైసెన్సు పోతుంది. అక్కడివాళ్లు ఉదయం ఆఫీసుకు కారులో బయల్దేరే వేళకు ఇక్కడ మనకు మధ్యాహ్న భోజనాలు అవుతుంటాయి, పిల్లలతో మాట్లాడాలని మనసు పోయే సమయమది. అమ్మానాన్నలూ, ఫోన్ చేస్తే మొదట అడగాల్సింది తిన్నావా అని కాదు, బండి నడుపుతున్నావా అని. అవునంటే వెంటనే పెట్టేయండి, సాయంత్రం మాట్లాడుకోవచ్చు.