కొనకపోతే నిలవని మనసు



ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు పోయినవాళ్లు దిగి వచ్చేటప్పుడు గాజులో బొమ్మలో కొనకుండా ఇంటికి రారు. దీపావళి దగ్గర పడితే తిరువళ్లూరు నుంచి రైలెక్కి చెన్నై టి.నగర్ అంగళ్లన్నీ తిరిగి, మోయలేనన్ని సంచులతో వచ్చేవాళ్లూ ఉన్నారు. నాలుగు చీరలు ఎక్కువ తీసినంత మాత్రాన దాన్ని జబ్బు అనకూడదు. అది సరదా. ఈనాడు మీతో చెప్పబోయే కొనుగోలులో సరదా అన్నదే లేదు.

ఒక ఇల్లాలు అర కిలో కందిపప్పుకని అంగడికి పోయిందనుకోండి. అలమరలో ఒక సబ్బుకు చెయ్యి తగిలింది. ‘నా చేతి మురికి దానికి అంటింది, అది ఎవరి ఇంటికో పోతుంది, ఆ ఇంట్లో పసిపిల్లకు ఏమన్నా అయితే పాపం నాదే’ అని ఒక తలపు వచ్చింది. ఇంట్లో డజను సబ్బులు ఉన్నా, ఆ సబ్బు కొనేదాకా కాలు కదలదు. ఇంకొకాయన ఏది కొన్నా జతగానే కొంటాడు. ఒంటిగా కొంటే పెళ్లాంబిడ్డలకు కీడు జరుగుతుందని బెదురు. కాలేజీ పిల్లవాడు ఒకడు పెన్ను కొంటాడు, గీత సరిగా రాలేదనిపిస్తుంది, ఇంకొకటి కొంటాడు, అదీ సరిగా లేదు. సాయంత్రానికి ఏడు పెన్నులు. వీళ్లు నేను ఊహించి చెబుతున్న మనుషులే గాని, ఇటువంటి బాధ మాత్రం నిజమైనది.

దీన్ని వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓసీడీ అంటారు. వద్దన్నా మళ్లీ మళ్లీ వచ్చే తలపు ఒకటి, ఆ తలపు పెట్టే భయాన్ని అణచడానికి చేసే పని ఒకటి. చేతులు పదేపదే కడగడం, తాళం లాగి లాగి చూడడం మనకు తెలిసినవి. కొనడం కూడా అలాంటి పనే కావచ్చు. కొనగానే గుండె కుదుటపడుతుంది, గంటకో రెండు గంటలకో భయం తిరిగి వస్తుంది. కొన్నందువల్లే గండం తప్పిందని మనసు నేర్చుకుంటుంది గనుక మరుసటిసారి ఇంకా గట్టిగా అడుగుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కొనుగోలు పిచ్చి అన్నది వేరే ఉంది. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ నూరేళ్ల కిందటే దానికి గ్రీకు మాటతో ఓనియోమేనియా అని పేరు పెట్టాడు. అందులో మనిషిని లాగేది ఆశ. కొనేటప్పుడు ఉత్సాహం, కొన్నాక పశ్చాత్తాపం. 2022లో అమలుకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దాన్ని కోరికను ఆపుకోలేని జబ్బుల వైపు చేర్చారు. ఓసీడీ వేరే వరసలో ఉంది. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. అయినా వైద్యం ఒకటే కాదు గనుక ఏది ముందో తేల్చుకోవాలి. అందుకు ‘ఎందుకు కొన్నావు?’ అని నిలదీస్తే లాభం లేదు. ‘కొనకుండా వచ్చేస్తే ఏమవుతుందని అనిపించింది?’ అని మెల్లగా అడగండి. జవాబులో భయం బయటపడితే అది ఓసీడీ కావచ్చు.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లాలోనిది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో, ఆసుపత్రిలో తమిళం మనకు అలవాటే. ఇంట్లో దీన్ని చాదస్తం అంటాం. డాక్టరు ముందు కూర్చోగానే ఆ మాట తమిళంలోకి రాదు, ‘సెలవాళి’ అనేస్తాం. అంటే దుబారా మనిషి. డాక్టరు చెవిన ఖర్చు పడింది గాని భయం పడలేదు. రెండు భాషల్లో పాఠాలు చెప్పేవాణ్ణి గనుక ఇది నాకు బాగా తెలుసు: మాట మారితే రోగమే మారిపోయినట్టు వినిపిస్తుంది. తమిళంలో దీన్ని ‘ఎణ్ణ చుళర్చి నోయ్’ అంటారు, తలపులు సుడి తిరిగే జబ్బు అని అర్థం. చక్కటి మాట.

కుటుంబం సంగతి. నగలు కుదువకు పోయి, కిస్తులు నిలిచి, అప్పులవాళ్లు గడప తొక్కిన తరువాత గాని చాలామంది కళ్లు తెరవరు. వెనుక రాత్రి తొమ్మిదికి అంగడి మూసేవారు. ఇప్పుడు ఫోనులో అర్ధరాత్రి కూడా అంగడి తెరిచే ఉంటుంది. తిట్టి, అందరి ముందు బిల్లులు విసిరితే సిగ్గు పెరిగి దాచడం నేర్చుకుంటారు. పోనీలే అని మనమే కొని తెచ్చిస్తే జబ్బుకు మేత వేసినట్టే. ‘ఏమీ కాదు, ఏమీ కాదు’ అని రోజుకు ఇరవైసార్లు ధైర్యం చెప్పడమూ అంతే. ఇది మాత్రం వినడానికి కష్టంగా ఉంటుంది, తెలుసు.

దీనికి వైద్యం ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన చూపిన దారి ఈనాటికీ ప్రధానమైనది. భయపడే పనిని కావాలనే చేయించి, దాని తరువాతి తంతును ఆపించడం. ఆ ఇల్లాలు సబ్బును ముట్టుకుంటుంది, కొనకుండా బయటికి వస్తుంది. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, కాసేపటికి దానంతట అదే దిగుతుంది. చిన్న భయంతో మొదలుపెట్టి పెద్దదాని దాకా, తెలిసినవారి పర్యవేక్షణలో వారాల తరబడి చేయాలి. ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మందులు కూడా ఇస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు. గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. పది రోజులు వేసి పనిచెయ్యలేదని మానేయకండి, డాక్టరును అడగకుండా అసలే మానకండి.

తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ముందు అడగండి. చెన్నై కీళ్పాక్కంలోని మానసిక ఆరోగ్య సంస్థ 1794 నుంచి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడికి పోవడమంటే పిచ్చి ముద్ర వేయించుకోవడమని మన పెద్దలకు ఒక జంకు. ఆ జంకుతోనే ఎన్నో ఏళ్లు వృథా అవుతాయి. ఇంట్లోనుంచే మాట్లాడాలంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఇది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అప్పుల బాధతో ఎవరైనా చచ్చిపోతానని అంటే తెల్లవారేదాకా ఆగకండి, వారిని ఒంటరిగా వదలకుండా ఆ నిమిషమే ఆ నంబరుకు చేయండి.

ఆసుపత్రికి పోయేటప్పుడు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఏం కొన్నారు, కొనకముందు ఏ తలపు వచ్చింది, కొన్నాక ఎంతసేపు నెమ్మదిగా ఉన్నారు. తెలుగులో రాసినా ఫరవాలేదు, చదివి తమిళంలో చెప్పే మనిషిని వెంట తీసుకుపోండి.