'ఎ'నా, 'ద'నా? ఆర్టికల్స్ తికమకకు తెలుగులోనే క్లూ!

జగ్గయ్యపేట, నందిగామ బడి పిల్లలకైనా, టోక్యోలో ఇంగ్లిష్ నేర్చుకునేవారికైనా ఒకటే తికమక.. 'ఎ', 'యాన్', 'ద' ఎక్కడ పెట్టాలి? కారణం.. తెలుగులో, జపనీస్‌లో ఆర్టికల్స్ లేవు. 'పుస్తకం కొన్నా' అంటే మనకు సరిపోతుంది, ఇంగ్లిష్‌కు సరిపోదు.

రూల్స్ బట్టీ పట్టే ముందు ఇది చూడండి. 'నందిగామలో ఒక పుస్తకం కొన్నా. ఆ పుస్తకం బాగుంది' అంటాం కదా! మొదటిది 'ఎ బుక్', రెండోది 'ద బుక్'. ఏ పుస్తకమో వినేవారికి తెలిసిపోయింది కాబట్టే 'ద'. ఒక్కడే అయిన సూర్యుడికి మాత్రం మొదటిసారే 'ద సన్'.

ఊరి పేరుకు ఆర్టికల్ అక్కర్లేదు, ఉత్త 'నందిగామ' చాలు. ఏటికైతే 'ద మున్నేరు'.

'యాన్'కు చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం. అందుకే 'ఎ యూనివర్సిటీ', కానీ 'యాన్ ఎమ్మెల్యే'. పరీక్షలో ఖాళీ నింపే ముందు మనసులో పలికి చూసుకోండి.. మార్కు పోదు!